బుల్లెమ్మాయి: ముద్దుపేరుకు అర్థం ఏమిటి, మునిమనవరాలికి పెట్టవచ్చునా?

సత్యనారాయణపురం కోడలు (విజయవాడ), ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇటీవల ఆడపిల్ల పుట్టింది. పేరు విషయంలో ఇంటిల్లిపాదీ తలా ఒక మాట అంటున్నారు కనుక, తెలుగు పేర్ల సంగతి తెలిసిన పెద్దలను అడిగి తెలుసుకుందామని ఇక్కడ వ్రాస్తున్నాను.

మా వారి నాయనమ్మగారి అసలు పేరు వెంకట సుబ్బమ్మ. రేషన్ కార్డులోనూ, ఇంటి పన్ను రసీదులోనూ తప్ప ఆ పేరు మరెక్కడా వినబడలేదు. పుట్టింటివారు పెట్టిన ‘బుల్లెమ్మాయి’ అన్న ముద్దుపేరే ఆవిడకు చివరిదాకా నిలిచింది. అక్కగారు ‘ఒసే బుల్లీ’ అనేవారు, ఇరుగుపొరుగువారు ‘బుల్లెమ్మాయి గారూ’ అనేవారు, కూరల బండి అతను ‘బుల్లెమ్మాయమ్మ గారూ’ అని వీధి మొదట్లోనే కేక వేసేవాడు. పెద్దకర్మకు ఫ్లెక్సీ కట్టించేటప్పుడు, రికార్డు పేరు ఒక్కటే వేయిస్తే ఎవరింట్లో కార్యమో తెలిసినవాళ్ళకు కూడా అర్థం కాదని మా మామగారు పట్టుబట్టి, బుల్లెమ్మాయి అన్న మాటను పెద్ద అక్షరాలలోనూ, అసలు పేరును దాని కింద చిన్న అక్షరాలలోనూ వేయించారు.

ఇప్పుడు మా వారు ఆ ముద్దుపేరునే పాపకు జనన ధ్రువీకరణ పత్రంలో వ్రాయించాలంటున్నారు. ఆ పిలుపు వినబడక ఇల్లు బోసిపోయిందని ఆయన బాధ. పాపది రోహిణీ నక్షత్రం కనుక ఓ, వా, వీ, వూ అక్షరాలతో పేరు చూడమని పురోహితులు చెప్పారు. మా అమ్మగారేమో, బడిలో హాజరు వేసేటప్పుడు ‘బుల్లెమ్మాయి’ అని పిలిస్తే పిల్ల ఏడుస్తూ ఇంటికి వస్తుందని ముందే హెచ్చరించారు. నా మటుకు నాకు ఆ పేరు వింటే ఇష్టమే గాని, ఎందుకు ఇష్టమో చెప్పమంటే చెప్పలేకపోతున్నాను.

అసలు ఈ మాటకు అర్థం ఏమిటి, ఇలాంటి పేర్లు మన ఇళ్ళలో ఎందుకు పుట్టాయి, వాటిని రికార్డు పేరుగా పెట్టడం సబబేనా అన్నవి నా సందేహాలు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు (గుంటూరు, అరండల్‌పేట), జవాబు:

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. ముందు అర్థం సంగతి చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

బుల్లి అంటే చిన్న అనీ, చిన్నదై ముద్దుగా ఉన్నది అనీ అర్థం. బుల్లయ్య, బుల్లెమ్మ, బుల్లిబాబు, బుల్లిరాజు అన్నీ ఆ మాట నుంచి వచ్చినవే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన లంకపల్లి బుల్లయ్య గారి పేరు ఈనాటికీ విశాఖపట్నంలో ఒక కళాశాల బోర్డు మీద ఉన్నది కనుక, ఈ మాట పెద్దరికానికి అడ్డు వస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అయితే మీ నాయనమ్మగారి పేరులో ఇంకొక విశేషం ఉన్నది. బుల్లయ్య అన్నది పేరే గాని, ‘బుల్లెమ్మాయి’ అన్నది నిజానికి పేరు కాదు. ఇంట్లో పెద్దమ్మాయి, రెండో అమ్మాయి అని వరుస చెప్పుకున్నట్లే, అందరికన్నా చిన్నదానిని బుల్లి అమ్మాయి అన్నారు. అంటే పేరు ఉండవలసిన చోట పేరు లేకుండా సరిపెట్టుకున్నారన్న మాట. ఎందుకు సరిపెట్టుకున్నారన్నదే మీరు తెలుసుకోవలసిన అసలు సంగతి.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్ళలో మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం ఆనవాయితీ. అదే ఇంట్లో కోడలు అత్తమామల పేర్లు నోట పలకకూడదన్న కట్టుబాటు కూడా ఉండేది. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా కుదురుతాయో ఆలోచించండి. మామగారి పేరు పెట్టుకున్న కొడుకును తల్లి ఏమని పిలవాలి? వాడు పాలు ఒలకబోస్తే ఏమని కసురుకోవాలి? ‘కోటయ్యా, నీ దుంప తెగ’ అని ఆవిడ అంటే, వసారాలో మంచం మీద ఉన్న పెద్ద కోటయ్యగారు తన్నే అన్నదని అనుకోరా! అందుకే అబ్బాయి, బాబు, నాని, చంటి, బుజ్జి, చిట్టి, అమ్మడు, అమ్ములు, బుల్లెమ్మాయి వంటి పిలుపులు పుట్టాయి. వాటిని మనం ముద్దుకొద్దీ పెట్టుకున్నవని అనుకుంటాము గాని, చాలామటుకు అవి కోడళ్ళు తమ ఇబ్బందిలో నుంచి కల్పించుకున్న పేర్లు. ముద్దు తరువాత వచ్చి చేరింది.

మొక్కుబడి పేర్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. కోటప్పకొండ త్రికోటేశ్వరునికి మొక్కుకుంటే కోటయ్య, మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుంటే పానకాలు, పెనుగంచిప్రోలు అమ్మవారి పేరున తిరపతమ్మ, మా పాత గుంటూరు మస్తానయ్య దర్గాకు మొక్కుకుంటే హిందువుల ఇంట్లో కూడా మస్తానమ్మ, మస్తాన్‌రావు అన్న పేర్లు పెట్టుకుంటారు. అది దేవుడి పేరు గనుక నోటికి వచ్చినట్లు తిట్టడానికి, గారాబం చేయడానికి వీలు లేదు. ఆ పనులకు వేరే పేరు కావలసిందే. బిడ్డలు దక్కని ఇళ్ళలో దృష్టి తగలకూడదని పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ అన్న పేర్లు పెట్టేవారు. తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కున్నట్లు తంతు జరిపి తవిటయ్య అనేవారు. అవి అసలు పేర్లే కాని ముద్దుపేర్లు కావు కనుక వాటి జోలికి పోను.

ఇక ఆ పిలుపులో ఉన్న తీపి సంగతి. బుల్లి, బుజ్జి, చిట్టి, చిన్ని, పద్దు, సుబ్బు, కిట్టు, సత్తి అన్న పేర్లను ఒకసారి పైకి అనుకొని చూడండి. అన్నీ రెండు అక్షరాలవి, రెండో అక్షరానికి ద్విత్వం ఉన్నది, చివర ఇకారమో ఉకారమో ఉన్నది. సత్యనారాయణ, కృష్ణ వంటి సంస్కృతపు పేర్లలోని సంయుక్తాక్షరాలను తల్లులు నలిపి నలిపి ఈ అచ్చులో పోశారు. బువ్వ, బొజ్జ, బజ్జో అంటూ పసిపిల్లలతో మనం మాట్లాడే మాటలలోనూ ఆ రెండు అక్షరాలు, ఆ ద్విత్వమే ఉన్నాయి. ఎనభై ఏళ్ళ మనిషిని బుల్లెమ్మాయి అని పిలిచినప్పుడు మీ చెవికి ఇంపుగా తోచడానికి కారణం అర్థం ఒక్కటే కాదు, పసిపిల్లకు అన్నం కలిపి పెట్టేటప్పుడు వాడే మాటల చప్పుడు అందులో ఉండటమూ కారణమే.

రికార్డు పేరుగా పెట్టవద్దని నా సలహా. ముద్దుపేరు హాజరుపట్టీకి ఎక్కితే అది అసలు పేరైపోతుంది. ఇంట్లోవాళ్ళు నెల తిరక్కుండా ఇంకొక ముద్దుపేరు కల్పిస్తారు. మీ వారు వినాలనుకుంటున్న పిలుపు ఇంట్లో వినబడవలసినదే గాని, కార్యాలయంలో వినబడవలసినది కాదు కదా.

బ్రాడీపేట గృహిణి (గుంటూరు), జవాబు:

మాస్టారి వివరణ చాలా బాగున్నది. అయితే ఇందులో అందరూ మరచిపోయే మాట ఒకటి ఉన్నది కనుక వ్రాస్తున్నాను.

మా అత్తగారిని అందరూ ‘బేబీ’ అనేవారు. ఆవిడ పుట్టిన రోజులలో కాస్త చదువుకున్న ఇళ్ళవారికి ఆ ఇంగ్లీషు మాట అంటే మోజు ఉండేది కాబోలు, మా బంధువులలో ఆ వయసువారిలో వెతికితే ఇంకా బేబీలు దొరుకుతారు. బేబక్క, బేబీ పిన్ని, చివరకు బేబీ మామ్మ. ఒకసారి ఆవిడను కంటి పరీక్షకు తీసుకొని వెళ్ళాము. కౌంటరు దగ్గర అమ్మాయి ‘రాజ్యలక్ష్మి గారూ, రాజ్యలక్ష్మి గారూ’ అని పిలుస్తూనే ఉన్నది, మా అత్తగారు చేతిలో చీటీ పట్టుకొని, ఆ రాజ్యలక్ష్మి ఎవరో తొందరగా వెళ్ళరేమని చుట్టూ చూస్తున్నారు. నేను భుజం తట్టి చెబితే నవ్వేశారు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం, ‘ఎంత మంచి పేరమ్మా అది, ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు’ అన్నారు. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని ఆవిడ ఆ ప్రసక్తి తేలేదు.

అందుచేత, ముద్దుపేరు మీద మనకున్న మమకారం పిలిచేవారి మమకారమే. పిలిపించుకున్నవారికి అది ఎలా ఉన్నదో ఎవరూ అడగరు. రంగును బట్టి, ఒడ్డూపొడవును బట్టి పెట్టిన పిలుపులు మన ఇళ్ళలో ఎన్ని లేవు! నల్లోడు, పొట్టి, బొండాం అన్నవాటిని కూడా ముద్దుపేర్ల ఖాతాలోనే వేస్తాము. వాటిని మోసినవాళ్ళు పెళ్ళి శుభలేఖలో ఆ పేరు బ్రాకెట్లో వేయవద్దని బతిమాలుకున్న సందర్భాలు నాకు తెలుసు.

మీ నాయనమ్మగారి మాటకు వస్తే, బుల్లెమ్మాయి అన్న పిలుపు ఆవిడకు ఇష్టమో కాదో ముందు కనుక్కోండి. ఆవిడ ఈడువారు ఎవరైనా ఉంటే చెబుతారు. ఆవిడకు అది ఇష్టం లేకుండానే అంటగట్టిన పేరైతే, ఆవిడ మీద గౌరవంతో వెంకట సుబ్బమ్మ అన్న పేరులో నుంచే ఏదైనా తీసి పెట్టుకోవడం న్యాయం. పైగా ‘వ’ అక్షరం కూడా కలిసివస్తుంది.

ఆటోనగర్ స్టిక్కర్ షాపు (విజయవాడ), జవాబు:

అక్కగారూ, నాది పేర్లు వ్రాసే వృత్తి కనుక నా అనుభవం కూడా చెబుతాను. మా దగ్గరకు వచ్చే లారీలు, ఆటోలు, ట్రాలీల యజమానులలో చాలామంది బండి మీద పిల్లల పేర్లు వేయించుకుంటారు. వారిలో అసలు పేరు వేయమనేవారు తక్కువ. చిన్ని, పండు, బుజ్జి, అమ్ములు, లడ్డు అనే పేర్లను అద్దం మీద ఎర్ర రేడియంతోనో పసుపు రేడియంతోనో కోసి అంటించమంటారు. బండి పత్రాలలో ఎవరి పేరు ఉన్నా, బండి మాత్రం పండుదే. ఊరు వదిలి రోజుల తరబడి రోడ్ల మీద తిరిగే మనిషికి ఆ పేరు కళ్ళ ముందు ఉంటే చాలు.

మాస్టారు ముద్దుపేరు ఇంటికే పరిమితమన్నారు గాని, మా బెజవాడలో అది ఎప్పుడో గడప దాటింది. 2019 జూన్‌లో ఏర్పడిన రాష్ట్ర మంత్రివర్గంలో ముగ్గురు నానీలు ఉండేవారు. గుడివాడ నుంచి కొడాలి శ్రీవేంకటేశ్వరరావు గారు, మచిలీపట్నం నుంచి పేర్ని వెంకట్రామయ్య గారు, ఏలూరు నుంచి ఆళ్ళ కాళీకృష్ణ శ్రీనివాస్ గారు. ఈ అసలు పేర్లు చెప్పి ఎవరో పోల్చుకోమంటే మా షాపులో సగం మంది తెల్లమొహం వేస్తారు. 2024 ఎన్నికలలో విజయవాడ లోక్‌సభ స్థానానికి కేశినేని అన్నదమ్ములు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడినప్పుడు శ్రీనివాస్ ఎవరు, శివనాథ్ ఎవరు అని జనం ఆలోచించలేదు. నాని, చిన్ని అనే చెప్పుకున్నారు. చిన్ని గారు గెలిచారు. ముద్దుపేరు ఇంత పని చేస్తున్నప్పుడు రికార్డులో ఉంటే తప్పేమిటని నాకు అనిపిస్తుంది.

అయితే రికార్డు విషయంలో జాగ్రత్త కూడా చెప్పాలి. జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయించాలి గాని, అప్పటికి పేరు ఖాయం కాకపోతే ఆ గడిని ఖాళీగా ఉంచవచ్చు. తరువాత 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, అది దాటితే 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. కాబట్టి ఈ వారంలోనే తేల్చాలన్న కంగారు లేదు. ఇంకొక మాట. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఓటు హక్కుకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రాన్నే చూస్తారు. మా తరంలో లాగా పత్రంలో ఒక పేరు, పదో తరగతిలో ఇంకొక పేరు ఉంటే తరువాత సరిచేయించుకోవడానికి తిరగలేక కాళ్ళు అరుగుతాయి. ఏ పేరు వ్రాయించినా అక్షరం అక్షరం చూసి వ్రాయించండి.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

తమ్ముడూ, మీరు చెప్పిన ఉదాహరణలు నా మాటనే బలపరుస్తున్నాయి. ఆ నాయకులు అందరికీ రికార్డులో వేరే పూర్తి పేరు ఉన్నది కనుకనే నాని, చిన్ని అన్నవి ముద్దుపేర్లుగా మిగిలాయి. ఓటరు తమను ఇంటి మనిషి అనుకోవాలని వారు ఇంట్లో పిలిచే పేరును వీధిలోకి తెచ్చారు. నాని అన్నది ఒక్కటే ఆయన పేరైతే ఆ దగ్గరితనం ఉండదు.

బ్రాడీపేట చెల్లెమ్మ చెప్పినది మాత్రం నేను ఆలోచించని సంగతి. మగవాడికి ముద్దుపేరు అదనంగా దొరికిన పేరు. ఆడవారి విషయంలో అది చాలాసార్లు ఉన్న పేరును తోసివేసి కూర్చున్నది. ఆ రోజులలో వచ్చిన కోడలి పేరు, అత్తగారి పేరు ఒకటే అయితే కోడలి పేరే మార్చేవారు. అటువంటప్పుడు పుట్టింటి ముద్దుపేరు ఆవిడ వెంట వచ్చిందంటే అది చిన్న విషయం కాదు. కనుక్కోండి అమ్మా, మీ ఇంట్లో కూడా అలాంటిదేమైనా జరిగి ఉండవచ్చు.

సత్యనారాయణపురం కోడలు:

జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు, బ్రాడీపేట అక్కయ్యగారు చెప్పిన మీదట మా వారి పెద్ద మేనత్తగారికి ఫోను చేశాను. మాస్టారి ఊహ అక్షరాలా నిజమైంది. నాయనమ్మగారు కాపురానికి వచ్చేటప్పటికి ఇంట్లో అత్తగారి పేరు కూడా సుబ్బమ్మే. తల్లి పేరుతో భార్యను పిలవడానికి తాతగారికి నోరు రాదు. కొత్తకోడలికి వేరే పేరు పెడదామని అత్తవారు ఏదో ఆలోచిస్తూ ఉండగా, దింపడానికి వచ్చిన వాళ్ళ అన్నగారు ‘బుల్లెమ్మాయీ, నేను వెళ్ళొస్తాను’ అన్నారట. ఆ మాట విని అత్తగారే, ‘బాగానే ఉన్నదిగా, అదే ఉంచండి’ అన్నారట.

ఆ పేరు ఆవిడకు ఇష్టమేనా అని కూడా అడిగాను. మేనత్తగారు తన దగ్గర దాచుకున్న ఇన్‌లాండ్ ఉత్తరాల ఫొటోలు కొన్ని పంపించారు. దివిసీమలో ఉండే అక్కగారికి నాయనమ్మగారు వ్రాసినవి అవి. మొదటి వాటిలో చివర ‘వెం. సుబ్బమ్మ’ అని సంతకం ఉన్నది. కొన్ని ఉత్తరాల తరువాత అది పోయి, ‘నీ బుల్లి’ అని ఉన్నది. ‘ల్లి’ అన్న అక్షరం గుడిని పై పంక్తి దాకా సాగదీసి వ్రాసేవారు. ఇష్టం లేని పేరును ఎవరూ అలా వ్రాయరని బ్రాడీపేట అక్కయ్యగారు కూడా ఒప్పుకుంటారని అనుకుంటున్నాను.

మా వారు ఆ ఉత్తరాలు చూసిన తరువాత కాస్త మెత్తబడ్డారు. పత్రంలో ‘వీణ’ అని వ్రాయించి, ఇంట్లో బుల్లెమ్మాయి అని పిలుచుకుందామని ఒప్పుకున్నారు. మా అమ్మగారు అప్పుడే దాన్ని ‘బుల్లీ’ అని కుదించేశారు. మా అత్తగారు మాత్రం, తన అత్తగారి పేరు పెట్టి పిల్లను కసురుకోవడం తనకు చేతకాదంటూ ‘పండూ’ అంటున్నారు. మాస్టారు చెప్పిన కట్టుబాటు ఇంకా మా ఇంట్లో ఉన్నదన్న మాట!

చివరగా ఒక సందేహం. ఆదివారం బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు వ్రాసేటప్పుడు వీణ అని ఒక్కటే వ్రాయాలా, బుల్లెమ్మాయి అన్నది కూడా వ్రాయవచ్చునా?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

నిరభ్యంతరంగా వ్రాయవచ్చును. నామకరణంలో ఎలాగూ మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని ఒకటికి మించి పేర్లు ఉంటాయి. ముద్దుపేరును చివర వ్రాయించండి. పళ్ళెం మాత్రం కాస్త వెడల్పుగా ఉన్నది చూసుకోండి, బుల్లెమ్మాయి అన్న పేరు చిన్న పళ్ళెంలో పట్టదు.